ఇన్సేన్‌లో పాత కారుకి అంత ధర ఎందుకు?

అమెరికాలోనో, దుబాయ్‌లోనో, సింగపూర్‌లోనో స్థిరపడ్డ మన వాళ్లకు యాంగూన్ బంధువుల నుంచి అప్పుడప్పుడు ఒక ఫోన్ వస్తుంటుంది. "బావా, కారు తీసుకుందామనుకుంటున్నాం, కాస్త సర్దగలవా?" అని. ఏ కారు అని అడిగితే పదిహేనేళ్ల నాటి టొయోటా అంటారు. ఎంత అంటే చెప్పిన అంకె విని ఇవతలివాళ్లు నోరెళ్లబెడతారు. "ఆ డబ్బుతో ఇక్కడ ఇంకా మంచి బండి వస్తుంది కదా, మనవాళ్లని ఎవరో బురిడీ కొట్టిస్తున్నారు" అనుకుంటారు. కొందరైతే మనవాడే మనల్ని బురిడీ కొట్టిస్తున్నాడని కూడా అనుమానపడతారు.

నేను ఇన్సేన్‌లో ఉంటాను. మా చుట్టాల్లో, మా వీధిలో ఈ చర్చ ఏళ్ల తరబడి వింటున్నాను. అందుకే ఈ మాట రాయాలనిపించింది. ఇక్కడ కొత్త కారా, పాత కారా అన్న ప్రశ్నకు జవాబు బండి వయసును బట్టి రాదు. మూడు విషయాలు తేలుస్తాయి: కాగితం, స్టీరింగ్, కియాట్. ఇవి తెలియకపోతే ఇక్కడి ధరలు ఎవరికైనా పిచ్చి ధరల్లాగే కనిపిస్తాయి.

మనకు తెలిసిన లెక్క

హైదరాబాద్‌లో లెక్క సులువు. షోరూమ్ గేటు దాటగానే కొత్త కారు విలువ పడిపోతుంది. అందుకే మూడు నాలుగేళ్ల నాటి సెడాన్ తెలివైన బేరం అంటారు. కొత్త కారు ధర తగ్గితే పాత కారు ధర కూడా తగ్గాల్సిందే. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారినప్పుడు హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా లాంటి ఒకటిన్నర లీటర్ పెట్రోల్ సెడాన్లపై మొత్తం పన్ను 45 శాతం నుంచి 40కి దిగింది. అలాంటప్పుడు పాత సిటీ అమ్మేవాడు కూడా తన ధర మళ్లీ చూసుకోక తప్పదు. కొత్త సరుకు కావలసినంత దొరికే చోట పాత సరుకు దాని నీడలో నడుస్తుంది.

ఇన్సేన్‌లో ఆ మొదటి షరతే లేదు. కొత్త సరుకు కావలసినంత దొరకదు. కాస్త మంచి రోజుల్లో, అంటే 2019లో కూడా ఈ దేశం మొత్తమ్మీద అమ్ముడైన కొత్త వాహనాలు సుమారు 22 వేలే. 2021 అక్టోబర్‌లో విదేశీ మారకం కాపాడుకోవడానికి కార్ల దిగుమతులే ఆపేశారు. కొత్తది రాకపోతే ఉన్న పాతది ప్రతి చేతి మార్పుకూ ప్రియమవుతుంది.

మరి కారు లేకుండా బతకలేరా అంటారేమో. యాంగూన్ నగరంలో రెండు దశాబ్దాలుగా మోటార్ సైకిళ్లపై నిషేధం ఉంది. మన ఊళ్లలో లాగా బండి వెనక అమ్మను కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లే వీలు లేదు. పగలైతే బస్సుంది, సర్క్యులర్ రైలుంది. అర్ధరాత్రి అవసరం వస్తే టాక్సీ దొరకాలి, లేదా ఇంట్లో కారుండాలి. ఇక్కడి కుటుంబానికి కారు షోకు కోసం కాదని ముందు అర్థం చేసుకోవాలి.

కాగితం ధర

2011కు ముందు ఇక్కడ 1980ల నాటి కరోలా కూడా పదుల వేల డాలర్లు పలికేది. ఆ ధర ఇనుముది కాదు, దిగుమతి పర్మిట్‌ది. అది ఎవరికి పడితే వారికి దొరికేది కాదు. సిమ్ కార్డు సంగతీ అంతే. ఒకప్పుడు వెయ్యి డాలర్లు దాటిన సిమ్, 2014లో విదేశీ టెలికాం కంపెనీలు రాగానే 1,500 కియాట్లకు దిగింది. సిమ్‌లో ఉన్న ప్లాస్టిక్ మారలేదు, అనుమతి మారింది.

కార్లలో ఆ మలుపు 2011 సెప్టెంబర్‌లో వచ్చింది. మొదట 40 ఏళ్లు పైబడ్డ వాహనాలు, తర్వాత దశలవారీగా అంతకంటే కొత్తవి తుక్కుకు అప్పగిస్తే జపాన్ నుంచి వేరే కారు తెచ్చుకునే పర్మిట్ ఇచ్చారు. దాంతో ప్రోబాక్స్‌లు, మార్క్ టూలు, క్రౌన్‌లు, బెల్టాలు, హోండా ఫిట్‌లు వీధుల్ని ముంచెత్తాయి. ధరలు ఒక్కసారిగా పడ్డాయి. అంతకు కొన్ని నెలల ముందు పాత ధరకు కారు కొన్నవాళ్లు దెబ్బతిన్నారు. వాళ్ల బండిలో ఏ లోపమూ రాలేదు, ఒక ఉత్తర్వు వచ్చింది, అంతే.

ఇప్పటికీ పాత కారు కొనేటప్పుడు ఇక్కడి అనుభవజ్ఞులు బానెట్ ఎత్తేముందు ఓనర్ బుక్ అడుగుతారు. అందులో ఉన్న పేరు, అమ్మేవాడి పేరు ఒకటేనా? పన్ను ఖర్చుకు జడిసి పేరు మార్చకుండానే చేతులు మారిన కార్లు ఇక్కడ బోలెడు. మూడో యజమాని దగ్గర కొంటున్నా పుస్తకంలో మొదటి యజమానే ఉంటాడు. ఆయన ఊళ్లో ఉన్నాడో, దేశం వదిలి వెళ్లాడో తెలియదు. రేపు సంతకం కావలసి వస్తే ఎక్కడ వెతుకుతారు?

ఇక సరిహద్దు దాటి దొంగదారిన వచ్చిన, రిజిస్ట్రేషనే లేని బళ్లున్నాయి. వాటిని జనం ఇంగ్లీషు మాటతోనే 'విదౌట్' అంటారు. చూడ్డానికి కొత్తగా, ధర సగానికి సగం తక్కువగా ఊరిస్తాయి. తనిఖీలో పట్టుబడితే బండి పోతుంది, పైన కేసు కూడా. బంధువు చెప్పిన ధర మార్కెట్ కంటే మరీ తక్కువగా ఉంటే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

స్టీరింగ్ ఏ పక్క?

1970 డిసెంబర్ వరకు బర్మాలో మన దేశంలో లాగే రోడ్డుకి ఎడమ పక్క నడిచేవారు. నే విన్ ప్రభుత్వం రాత్రికి రాత్రి కుడి పక్కకు మార్చింది. ఎవరో జ్యోతిష్కుడు చెప్పాడని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. రోడ్డు మారింది కానీ కార్లు మారలేదు. తర్వాత జపాన్ నుంచి వచ్చినవన్నీ కుడి స్టీరింగ్ కార్లే. అంటే రోడ్డుకి కుడి పక్క వెళుతూ, బండిలో కూడా కుడి పక్కే కూర్చుని నడపాలి.

దీని ఫలితం నగరంలో నెమ్మదిగా వెళ్లేటప్పుడు పెద్దగా తెలియదు. హైవే మీద ముందున్న లారీని దాటాలంటే మాత్రం తెలుస్తుంది. డ్రైవర్ అంచు వైపు ఉంటాడు కాబట్టి ఎదురుగా వచ్చే బండి అతనికి ఆలస్యంగా కనిపిస్తుంది. పక్కన కూర్చున్న మనిషి తొంగి చూసి "వెళ్లు" అనాలి. ముందు సీట్లో కూర్చున్న అమ్మో, భార్యో దిగితే వాహనాలు పోయే వైపే దిగుతారు. ఆంధ్ర నుంచి వచ్చిన బంధువులకు స్టీరింగ్ అలవాటైనదే కాబట్టి ధైర్యంగా తాళాలు అడుగుతారు. రోడ్డు తిరగబడి ఉందన్న సంగతి మొదటి మలుపులో గానీ గుర్తు రాదు.

2017-18 ప్రాంతంలో ప్రభుత్వం కుడి స్టీరింగ్ ప్యాసింజర్ కార్ల దిగుమతిని ఆపి, ఎడమ స్టీరింగ్‌నే అనుమతించింది. భద్రత దృష్ట్యా అది సరైన నిర్ణయమే. కానీ చవకైన జపాన్ పాత కార్ల దారి దాంతో మూసుకుపోయింది. అప్పటికే లోపలున్న కుడి స్టీరింగ్ సెడాన్లు ఇక పెరగని సరుకైపోయాయి.

జపాన్ పాత కారు, ఇక్కడి కొత్త కారు

జపాన్ పాత కారుకి ఇక్కడున్న పేరు ఊరికే రాలేదు. జపాన్‌లో కొత్త కారుకి మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి ప్రభుత్వ తనిఖీ ఉంటుంది. దానికి ఖర్చెక్కువ. అందుకే అక్కడివాళ్లు బాగా నడుస్తున్న బండినే వదిలించుకుంటారు. వేలం చీటీలో నాలుగు, మూడున్నర అంటూ గ్రేడు ఉంటుంది. ప్రమాదం జరిగి బాగు చేసిన బండికి 'ఆర్' గుర్తు వేస్తారు. పాత మార్క్ టూ, ప్రీమియో, క్రౌన్‌లకు ఇంకో లాభం ఉంది. వాటి గుట్టు తెలియని మెకానిక్ ఇక్కడ లేడు. విడిభాగం కొత్తది దొరక్కపోయినా ఇంకో బండి నుంచి తీసినది దొరుకుతుంది.

కానీ ఆ వేలం చీటీ పదేళ్ల కిందటిది. తర్వాత ఆ బండి ఎన్ని వానాకాలాలు యాంగూన్ వరద నీళ్లలో నిలబడిందో చీటీ చెప్పదు. కాళ్ల కింది మ్యాట్ ఎత్తి వాసన చూడటం, సీటు పట్టాల దగ్గర తుప్పు వెతకడం, బండి కింద పడుకుని ఛాసిస్ చూడటం తప్పదు.

కొత్త వైపు చూస్తే, తిలావాలో సుజుకి బిగించిన సియాజ్, పెగూలో బిగించిన నిస్సాన్ సన్నీ ఇక్కడి మధ్యతరగతి కలల సెడాన్లు. ఎడమ స్టీరింగ్, ఎయిర్‌బ్యాగులు, మొదటి యజమాని పేరే ఓనర్ బుక్‌లో. అయితే 2021 తర్వాత విడిభాగాలు అందక ఫ్యాక్టరీలు పలుమార్లు ఆగాయి. మన దేశంలో మారుతి సంస్థ సియాజ్‌ని 2025లోనే ఆపేసింది. కాబట్టి 'కొత్త కారు' అన్నా, ఇప్పుడు చేతికి వచ్చేది చాలావరకు నాలుగైదేళ్ల నాటి ఎడమ స్టీరింగ్ సెడానే. మన లెక్క ప్రకారం అదీ సెకండ్ హ్యాండే.

2023 నుంచి చైనా ఎలక్ట్రిక్ కార్లు సుంకం మినహాయింపుతో దిగాయి. 2021కు ముందు వెయ్యి కియాట్ల లోపున్న లీటర్ పెట్రోల్ 2022 ఆగస్టుకల్లా రెండు వేలు దాటింది కాబట్టి ఆ ఆకర్షణ సహజమే. కానీ వంతులవారీగా కరెంటు వచ్చే ఊళ్లో, పార్కింగ్ లేని అపార్ట్‌మెంట్‌లో ఉండే కుటుంబానికి అది ఒక్కగానొక్క కారుగా పనికి రావడం కష్టం. ఇంట్లో సోలార్, సొంత గేటు ఉన్నవాళ్ల సంగతి వేరు.

కియాట్ భయం

అసలు ముడి ఇక్కడుంది. ఇక్కడ కారు ధర 'థేన్'లలో చెబుతారు. థేన్ అంటే మన లక్షే. ఊహకు రెండు వందల థేన్‌లు, అంటే రెండు కోట్ల కియాట్లు తీసుకుందాం. 2021 మొదట్లో డాలర్‌కు సుమారు 1,330 చొప్పున అది 15 వేల డాలర్లు. 2024 మధ్యకు బయటి మార్కెట్‌లో డాలర్ 4,500 దాటింది. అదే సొమ్ము బ్యాంకులో ఉంటే 4,400 డాలర్లకు కరిగింది. బ్యాంకులో ఉన్నవాళ్లు 2021లో డబ్బు తీసుకోవడానికి ఏటీఎంల ముందు తెల్లవారుజాము నుంచి నిలబడ్డారు కూడా. అదే కారుగా మార్చుకున్నవాడు నవ్వుతూ బయటపడ్డాడు.

ఇది మన వాళ్లకి కొత్త పాఠం కాదు. 1964లో 50, 100 కియాట్ల నోట్లు రద్దయ్యాయి. దుకాణాలు జాతీయం చేశారు. లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో ఓడెక్కారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంప్ అలాంటి కుటుంబాలకు నీడనిచ్చిన చోటే. ఉండిపోయినవాళ్లు 1987లో మళ్లీ చూశారు. 25, 35, 75 కియాట్ల నోట్లు ఒక్కరోజులో చిత్తు కాగితాలయ్యాయి. అలాంటి ఇళ్లలో పెరిగిన మనిషి నోటును నమ్మడు. బంగారాన్ని నమ్ముతాడు, తర్వాత కారుని నమ్ముతాడు.

ఆ భయం న్యాయమైనదే. కానీ దాని నుంచి తీసే నిర్ణయంతో నాకు పేచీ ఉంది. బంగారం ధర ప్రపంచం నిర్ణయిస్తుంది. ఇన్సేన్‌లో కారు ధర ఒక ఉత్తర్వు నిర్ణయిస్తుంది. దిగుమతులు మూసి ఉన్నంత కాలం పాత కారు బంగారంలా మెరుస్తుంది. తలుపు తెరిచిన రోజున ఏమవుతుందో 2011 చూపించింది. తలుపు ఎప్పుడు తెరుస్తారో చెప్పగలిగినవాడు మా వీధిలో ఎవడూ లేడు.

అయితే ఏం చేయాలి?

నా లెక్క ఇది. ఊరి లోపలే తిరిగే కుటుంబమైతే, కాగితాలు శుభ్రంగా ఉన్న కుడి స్టీరింగ్ జపాన్ సెడాన్ చాలు. తరచూ పెగూ, మౌల్మీన్ దారుల్లో వెళ్లేవాళ్లు మాత్రం ఇంకొంచెం పెట్టి ఎడమ స్టీరింగ్ సెడానే తీసుకోవాలి. ఆ అదనపు డబ్బు హంగులకి కాదు, లారీ వెనక నుంచి రోడ్డు కనపడటానికి. ఏది కొన్నా పేరు మార్పిడి ఖర్చు ధరలో కలిపే బేరమాడాలి. మొత్తం పొదుపు ఒక్క కారులో పోయకూడదు. అమ్మితే ఎంత వస్తుందని కాదు, అమ్మలేకపోతే నష్టమేంటని ఆలోచించాలి.

డబ్బు పంపే మన వాళ్లకి రెండు మాటలు. మొదటిది, హ్యూస్టన్ ధరతో ఇన్సేన్ ధరను పోల్చి మీ బావని అనుమానించకండి. 2022 ఆగస్టులో అధికారిక రేటు 2,100 దగ్గర కట్టేశాక, బయటి రేటు దాన్ని వదిలి ఎంతో దూరం వెళ్లింది. మీ డాలర్ చేతికి వచ్చేసరికి ఎంత అవుతుందో ముందే మాట్లాడుకోండి. రెండోది, "ఎంత?" అని అడిగే ముందు "ఓనర్ బుక్‌లో ఎవరి పేరుంది? స్టీరింగ్ ఏ పక్క? ఎక్కువగా ఎక్కడికి వెళతారు?" అని అడగండి. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు వస్తే, ఆ కారు పదిహేనేళ్లదైనా సరే, సర్దండి.