బిడ్డల చేతిలో కెమెరా



కాలేజీలో చిన్న చిత్రం తీయమంటే కర్నూలు, కడప బిడ్డలకు ముందుగా తోచేది వేటకొడవళ్లు, నాటుబాంబులే అయితే ఆశ్చర్యమేముంది? 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చింది మొదలు సినిమాలు మన సీమను ఎక్కువగా అలాగే చూపాయి. కక్షలు లేవని మేమనము. అయితే మన బ్రతుకంతా అదే కాదు.

సృజన అంటే లేనిది కల్పించడమే కాదు, ఉన్నదాన్ని సొంత కళ్లతో చూడడం. జహీరాబాదు దగ్గర పస్తాపూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల పేద దళిత స్త్రీలు వీడియో తీయడం నేర్చుకున్నారు. పైనుండి కిందికి తీస్తే అది ‘పటేల్ షాట్’, ఎదుటివారి కళ్లకు సమంగా తీస్తే ‘సంఘం షాట్’ అన్నారు. ఆ పేర్లు పుస్తకం నేర్పినవి కావు, వారి బ్రతుకు నేర్పినవి.

మనకేమి తక్కువ? వేరుశెనగలు వలిచే తల్లి చేతులు, బేతంచెర్ల నాపరాతి గనులు, వానకు ఎదురుచూసే చేలు ఉన్నాయి.

తల్లిదండ్రులారా, బిడ్డ తీసినది చూచి “అచ్చం సినిమాలా ఉంది” అని మెచ్చుకొని ఊరకుండక, “ఇందులో నీవు స్వయంగా చూచినదేది?” అని అడగండి. కెమెరా తెరిచేముందు ఆ మనిషి దగ్గర గంటసేపు కూర్చొని వినమనండి. మొదటి ప్రయత్నం వంకరగా వస్తే నవ్వకండి. మన ఊరి సంగతి మన బిడ్డలు చెప్పకపోతే, బయటివారు చెప్పినదే నిలిచిపోతుంది.