పక్క చేను పురుగు, మన చేను పురుగు కలవాల్సిందే

వీడియోలో పత్తి మధ్యన కంది సాళ్లు చూశారు కదా. ఇట్ల వేసిన రైతు ఊర్లో ఒక మాట పడక తప్పదు: "కంది మీద పచ్చపురుగును పెంచి మా పత్తి మీదకు తోలుతున్నవ్" అని. నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఉల్టా. అదెట్లనో అర్థం కావాలంటే ముందు ఒక సీతాకోకచిలుక సంగతి చెప్పాలె.

అమెజాన్ అడవుల్లో హెలికోనియస్ ఎలివేటస్ అనే సీతాకోకచిలుక ఉంది. సుమారు 1,80,000 ఏండ్ల కింద రెండు జాతులు సంకరమై ఈ కొత్త జాతి పుట్టిందని 2024లో నేచర్ పత్రికలో శాస్త్రవేత్తలు తేల్చారు. దాని జన్యువుల్లో రెండో జాతి నుంచి వచ్చినవి ఒక శాతమే. కానీ రెక్కల రంగు, జోడీని ఎంచుకునే గుణం ఆ ఒక్క శాతంలోనే ఉన్నాయి. కొద్ది జన్యువులు అటు నుంచి ఇటు వచ్చినా చాలు, జీవి నడక మారిపోతది.

సీతాకోకచిలుకకు, మన పత్తి మీది రెక్కల పురుగుకు దగ్గరి చుట్టరికమే. మనం శనగపచ్చ పురుగు అనేది 2013లో బ్రెజిల్‌లో బయటపడ్డది. అక్కడి మొక్కజొన్న కంకి తొలిచే పురుగుతో అది సంకరమైంది. పైరెథ్రాయిడ్ మందులను తట్టుకునే జన్యువు ఆ కంకి పురుగుకు పాకింది. జాతులు వేరైనా జన్యువు ఆగలేదు. మరి ఒకే జాతి పురుగుకు మన గెట్లు అడ్డమా?

ఇప్పుడు మన చేన్లకు వద్దాం. బీటీ విషాన్ని తట్టుకునే పురుగులు మొదట్లో చాలా తక్కువ ఉంటయి. అట్లాంటి రెండు జత కడితే పిల్లలు కూడా తట్టుకుంటయి. అదే ఒకటి మామూలు పురుగుతో కలిస్తే పిల్లల్లో ఆ శక్తి సగమే ఉంటది, ఎక్కువ భాగం బీటీ ఆకు తిని చస్తయి. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చింది ఇందుకే. అది చేను చుట్టూ వేసిన రైతులెందరో మనకు తెలుసు.

ఫలితం కళ్ల ముందే ఉంది. గులాబీ రంగు పురుగుకు పత్తి తప్ప దాదాపు వేరే తిండి లేదు. ఊరంతా బీటీ వేస్తే అది కలవడానికి మామూలు పురుగే మిగల్లేదు. మొదటి రకం బీటీని తట్టుకుంటున్నదని 2010లో గుజరాత్ నుంచి మోన్‌శాంటో కంపెనీయే ప్రకటించింది. తర్వాత బోల్‌గార్డ్-2 కూడా దాని ముందు నిలువలేదు. శనగపచ్చ పురుగుకు మాత్రం కంది, శనగ, టమాట వంటి పంటలున్నయి. వాటి మీద బతికిన మామూలు పురుగులు పత్తి చేన్ల పురుగులతో కలుస్తుండబట్టే అది బీటీకి ఇంకా చాలావరకు లొంగుతున్నది. అంటే ఆ కంది సాళ్లు పక్కోళ్ల పత్తికి కూడా కాపలానే.

చైనాలో యాంగ్జీ నది లోయ రైతులు బీటీ, నాన్ బీటీ పత్తి సంకరం నుంచి వచ్చిన రెండో తరం విత్తనం వేసిండ్రు. చేనులో పావు వంతు మొక్కలు నాన్ బీటీ అయినయి. గులాబీ పురుగులో అప్పుడే పెరుగుతున్న నిరోధక శక్తి వెనక్కి తగ్గింది.

మన దగ్గర గులాబీ పురుగు విషయంలో ఆలస్యమైంది. కంది సాళ్లు దానికి మందు కావు. డిసెంబరు చివరికల్లా పత్తి తీసేయాలె, పత్తి కట్టెను గెట్ల మీద కుప్ప పెట్టొద్దు, లింగాకర్షక బుట్టలు ఊరంతా ఒకేసారి కట్టాలె. ఒక్కరు చేస్తే లాభం లేదు, పురుగు ఎగిరొస్తది.

అందుకే నేను అడిగేది రెండే. మంచి నాన్ బీటీ పత్తి విత్తనం వరంగల్ రైతుకు షాపులో దొరకాలె. కంది వేసిన రైతును నింద మోసేటోడిగా కాదు, ఊరి పంటకు కాపలాదారుగా చూడాలె. పురుగు లేని చేను కోసం చూస్తే అది ఎప్పటికీ రాదు. మందుకు లొంగే పురుగును కాపాడుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.