మైదానం నుంచి పాలనా పీఠానికి: ఆటగాడి చేతికి పగ్గాలు వస్తే చాలునా?

తోంగ్‌పాల్: జగదల్‌పూర్ నుంచి సుక్మా, కోంటల మీదుగా భద్రాచలం దాటి విజయవాడ చెంతకు చేరే 30వ జాతీయ రహదారిపై తోంగ్‌పాల్ ఒక చిన్న ఊరు. ఒకప్పుడు తుపాకుల వార్తలతోనే పత్రికలకెక్కిన ఈ దారిలో ఇప్పుడు ఆటల మాట వినిపిస్తోంది. 2024లో మొదలైన బస్తర్ ఒలింపిక్స్‌లో డివిజన్‌లోని ఏడు జిల్లాల నుంచి సుమారు 1 లక్షా 65 వేల మంది పాల్గొన్నారు. 2025 నాటికి నమోదైన వారి సంఖ్య 3 లక్షల 90 వేలు దాటింది. ఆ పోటీల్లో ఫుట్‌బాల్ కూడా ఒకటి. బ్లాకు స్థాయిలో గెలిచి, జిల్లా దాటి, జగదల్‌పూర్ మైదానం దాకా వెళ్లిన బాలిక ఆ తరువాత ఎక్కడికి వెళ్లాలి? ఈ ప్రశ్నకు జవాబు మైదానంలో దొరకదు. అది సంఘాల కార్యాలయాల్లో, ఓటర్ల జాబితాల్లో, క్లబ్బుల ఖాతా పుస్తకాల్లో ఉంది. అందుకే మాజీ క్రీడాకారులు పాలనలోకి, యాజమాన్యంలోకి రావడం గురించి దేశంలో జరుగుతున్న చర్చ బస్తర్‌కు దూరపు ముచ్చట కాదు.

జార్జియా చెప్పే పాఠం

ఈ చర్చలో ప్రస్తావించదగిన దేశం జార్జియా. దాని జనాభా దాదాపు 37 లక్షలు. 2011 జనగణన ప్రకారం బస్తర్ డివిజన్ జనాభా 31 లక్షలకు చేరువ. అంటే ఆ దేశం బస్తర్ కంటే మరీ పెద్దదేమీ కాదు. జర్మనీలో ఫ్రైబుర్గ్, షాల్కె, హెర్తా బెర్లిన్ క్లబ్బులకు ఆడి, జార్జియా తరఫున 100 మ్యాచ్‌లు పూర్తి చేసిన తొలి ఆటగాడిగా నిలిచిన లెవాన్ కొబియాష్విలి 2015 అక్టోబరులో ఆ దేశ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడయ్యారు. 2024 మార్చి 26న టిబిలిసీలో గ్రీస్‌ను పెనాల్టీలలో ఓడించి జార్జియా తొలిసారి ఐరోపా చాంపియన్‌షిప్‌కు అర్హత సాధించింది. ఆ టోర్నీలో పోర్చుగల్‌పై 2-0తో గెలిచి నాకౌట్ దశకు చేరింది. అక్కడ స్పెయిన్ చేతిలో ఓడినా, ఆ దేశ ఫుట్‌బాల్‌కు అది కొత్త అధ్యాయం.

అయితే ఆ విజయాన్ని ఒక్క వ్యక్తి ఖాతాలో వేయడం సరికాదు. ఐరోపా సమాఖ్య నిర్వహించే నేషన్స్ లీగ్ చిన్న దేశాలకూ అర్హతకు మరో ద్వారం తెరిచింది. జార్జియా ఆ ద్వారం గుండానే లోపలికి వచ్చింది. పైగా, ఇదే కొబియాష్విలి 2012లో రిఫరీపై చేయిచేసుకున్నందుకు జర్మనీలో ఏడున్నర నెలల నిషేధం ఎదుర్కొన్నారు. మైదానంలో శిక్షకు గురైనవారు సైతం మంచి పాలకులు కావచ్చు. మైదానంలో మచ్చలేనివారు పాలనలో విఫలం కావచ్చు. ఆటగాడిగా ఉన్న పేరు పాలనా సామర్థ్యానికి హామీపత్రం కాదు.

ఓటు ఎవరిది?

మన దేశంలో ఈ ప్రశ్న 2022లో సూటిగా ఎదురైంది. బయటి వ్యక్తుల జోక్యం పేరిట ఆ ఏడాది ఆగస్టులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా సస్పెండ్ చేసింది. రెండు వారాలు గడవకముందే సస్పెన్షన్ ఎత్తివేసినా, ప్రముఖ ఆటగాళ్లకు ఓటు హక్కు కల్పించాలన్న ప్రతిపాదన ఆ ఎన్నికల్లో అమలు కాలేదు. రాష్ట్ర సంఘాల ప్రతినిధులే ఓటర్లుగా మిగిలారు. సెప్టెంబరు 2న జరిగిన ఎన్నికలో మాజీ గోల్‌కీపర్ కల్యాణ్ చౌబే 33 ఓట్లు సాధించగా, భారత జట్టు మాజీ సారథి బైచుంగ్ భూటియాకు ఒకే ఒక్క ఓటు దక్కింది. 1937లో ఏర్పడిన సమాఖ్యకు ఒక మాజీ ఆటగాడు అధ్యక్షుడు కావడం అదే ప్రథమం. పోటీ పడిన ఇద్దరూ ఆటగాళ్లే. ఓటు వేసిన వ్యవస్థ మాత్రం పాతదే. గమనించవలసిన అంశం ఇదే.

ఆ తరువాత కార్యవర్గంలోకి మాజీ ఆటగాళ్లను నియమించారు. వారిలో హైదరాబాద్‌కు చెందిన షబ్బీర్ అలీ ఒకరు. 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యువజన టైటిల్‌ను పంచుకున్న భారత జట్టుకు సారథ్యం వహించిన ఆటగాడాయన. నియామకం గౌరవమే కానీ, అది హక్కు కాదు. ఆ లోటును పూరించే ప్రయత్నం 2025లో జరిగింది. ఆ ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం ప్రకారం సమాఖ్యల కార్యవర్గాలు 15 మందికి మించరాదు. వాటిలో కనీసం నలుగురు మహిళలు, ఇద్దరు విశిష్ట క్రీడాకారులు ఉండాలి. సెప్టెంబరు 19న న్యాయమూర్తులు పి.ఎస్. నరసింహ, జోయ్‌మాల్య బాగ్చీలతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం ఫుట్‌బాల్ సమాఖ్య కొత్త నియమావళిని కొన్ని మార్పులతో ఆమోదించింది. దాని ముసాయిదాను రూపొందించినవారు విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావు. 14 మంది కార్యవర్గంలో ఐదుగురు మాజీ ఆటగాళ్లకు, వారిలో ఇద్దరు మహిళలకు స్థానం కల్పించడం అందులోని కీలకాంశం.

పేరు వేరు, పెట్టుబడి వేరు

పాలన ఒక ఎత్తయితే, క్లబ్ యాజమాన్యం మరొక ఎత్తు. భూటియా 2011లో సొంత రాష్ట్రంలో యునైటెడ్ సిక్కిం క్లబ్‌ను ప్రారంభించారు. అది త్వరలోనే ఐ-లీగ్‌కు ఎదిగింది. 2012-13 సీజన్ ముగిసేసరికి కిందికి జారిపోయింది. బ్రెజిల్ దిగ్గజం రొనాల్డో 2018లో స్పెయిన్‌లోని రియల్ వల్లడోలిడ్‌లో మెజారిటీ వాటా కొన్నారు. ఆయన హయాంలో ఆ క్లబ్ మూడుసార్లు దిగువ శ్రేణికి పడిపోయింది. చివరకు 2025లో ఆయన దానిని విక్రయించారు. గోల్ ముందు మెరిసిన చూపు లెక్కల పుస్తకం ముందు కూడా మెరుస్తుందన్న భరోసా లేదు.

అలాగని వ్యాపారవేత్తల చేతిలో ఉంటే అంతా సవ్యంగా సాగుతుందా? హైదరాబాద్ ఎఫ్‌సీ ఉదంతం కళ్లముందే ఉంది. 2019లో ఏర్పడిన ఆ జట్టు 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. రెండేళ్లు తిరక్కుండానే జీతాల బకాయిలతో ఆటగాళ్లు ఒక్కొక్కరుగా తరలిపోయారు. యాజమాన్యం చేతులు మారింది. 2025లో క్లబ్ ఢిల్లీకి వెళ్లి పేరు సైతం మార్చుకుంది. అభిమానికి మిగిలింది ఒక ట్రోఫీ జ్ఞాపకం మాత్రమే. యజమాని మాజీ ఆటగాడా, వ్యాపారవేత్తా అన్నదానికంటే, జీతం సకాలంలో చెల్లించాలన్న నిబంధనను ఎవరు, ఎంత కచ్చితంగా అమలు చేస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

రహీమ్ చూపిన దారి

తెలుగు నేలకు ఈ విషయంలో పరాయి ఉదాహరణలు వెతుక్కోవలసిన అవసరం లేదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఉపాధ్యాయుడు, శిక్షకుడు, హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత్ 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో ఆయన కన్నుమూశారు. ఆ తరువాత హైదరాబాద్ నుంచి నయీముద్దీన్, షబ్బీర్ అలీ వంటి ఆటగాళ్లు వచ్చారు గానీ, వారిని వరుసగా అందించిన వ్యవస్థ మాత్రం క్రమంగా సన్నగిల్లింది. ఆటను తెలిసినవాడు సంఘంలో ఉంటే ఎంత మేలో రహీమ్ జీవితం చెబుతుంది; ఆ ఒక్కడి మీదే ఆధారపడితే ఎంత నష్టమో ఆయన తరువాతి చరిత్ర చెబుతుంది.

చివరకు మిగిలే ప్రశ్న

బస్తర్‌లోనూ ఒక పునాది ఉంది. వినోబా భావే అనుయాయి ధరంపాల్ సైనీ 1976లో జగదల్‌పూర్ సమీపంలోని డిమ్రాపాల్‌లో నెలకొల్పిన మాతా రుక్మిణి సేవా సంస్థాన్ గిరిజన బాలికలకు చదువుతో పాటు ఆటలనూ నేర్పింది. ఆ పేరుతోనే ఒక జట్టు 2023లో జాతీయ మహిళల లీగ్‌లో ఆడింది. పెద్ద క్లబ్బులతో పోటీ పడటం కష్టమే అయినా, డిమ్రాపాల్ నుంచి జాతీయ లీగ్‌కు దారి ఉందని అది నిరూపించింది. ఆ దారిని రహదారిగా మార్చడం వ్యక్తుల వల్ల కాదు, వ్యవస్థల వల్లే సాధ్యం.

జాతీయ స్థాయిలో ఐదుగురు ఆటగాళ్లకు స్థానం కల్పించినంతనే జిల్లా సంఘాలు మారిపోవు. రాష్ట్ర సంఘాల్లో, వాటి కింది జిల్లా సంఘాల్లో మాజీ ఆటగాళ్లకు, ముఖ్యంగా మహిళలకు, ఓటుతో కూడిన స్థానం దక్కాలి. వార్షిక ఖాతాలు బహిరంగం కావాలి. జీతాలు ఎగవేసిన క్లబ్‌కు, దాని యజమాని ఎంతటివారైనా, లైసెన్సు నిరాకరించాలి. ఏటా కొద్దికాలానికే పరిమితమయ్యే పోటీల స్థానంలో ఏడాది పొడవునా సాగే జిల్లా లీగ్‌లు రావాలి. అప్పుడే పాలనలోకి వచ్చిన ఆటగాడి అనుభవానికి సార్థకత.

ఒక మాజీ ఆటగాడు అధ్యక్ష పీఠం ఎక్కాడన్నది ఒక రోజు వార్త. తోంగ్‌పాల్ బాలికకు వచ్చే ఏడాది ఆడేందుకు ఒక లీగ్, నేర్పేందుకు ఒక శిక్షకురాలు, ఎంపికకు ఒక న్యాయమైన జాబితా ఉన్నాయా అన్నది మాత్రం ఏటా వేసుకోవలసిన ప్రశ్న. కొత్త చట్టం, కొత్త నియమావళి ఫలించాయో లేదో తేల్చేది ఆ జవాబే.