వెనుక కూర్చున్నవారి శిరస్త్రాణము



వనపర్తి సంతనాడుగాని, గద్వాల జమ్ములమ్మ జాతరనాడుగాని బాటప్రక్క నిలిచి చూడుడు. మోటారుసైకిలు నడుపు పురుషుని తలపై ఒక్కొక్కప్పుడు హెల్మెట్టు కానవచ్చును. ఒడిలో బిడ్డ నుంచుకొని వెనుక కూర్చున్న యిల్లాలి తలపై కొంగు మాత్రమే యుండును. ‘నడుపువాడను నేను గాను గదా’ యని మన సమాధానము. బండి కదలక నిలిచియున్నను, ఒకటిన్నర మీటరు ఎత్తునుండి పడిన తల గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగముతో నేలను తాకును.

హెల్మెట్టనగా పైనున్న గట్టి డిప్పయే యని పలువురి తలంపు. డిప్ప దెబ్బను నలుదెసలకు పఱచును, మొనలను లోనికి రానీయదు; అంతియే. ప్రాణము నిలుపునది లోపలి థర్మకోలు పొర. అది నలిగి, తల ఆగుటకు చోటిచ్చును. 2 మిల్లీమీటర్లలో ఆగవలసిన తల 20 మిల్లీమీటర్లలో ఆగినచో దానిపై పడు బలము ఇంచుమించు పదవవంతగును. ఒకమారు నలిగిన పొర మరల లేవదు. కావున ప్రమాదమునకు లోనైన హెల్మెట్టు పైకి నిగనిగలాడుచున్నను పనికిరాదు.

1935 మే నెలలో టి. ఇ. లారెన్సు అను ప్రసిద్ధుడైన ఆంగ్ల సైనికుడు, సైకిళ్లపై వచ్చుచున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి మోటారుసైకిలునుండి పడి, కొన్ని దినములకు మరణించెను. ఆతని తలపై రక్షణ లేదు. ఆతనిని పరీక్షించిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అను మెదడు శస్త్రవైద్యు డొకడు. ఆయన 1941లో మోటారుసైకిలువారి తలగాయములనుగూర్చి వ్యాసము ప్రకటించెను. ఆ యేటనే బ్రిటిషు సైన్యము తన వార్తాహరులకు శిరస్త్రాణము తప్పనిసరి చేసెను. నలిగెడి పొరగల హెల్మెట్టునకు అమెరికాలో చార్లెసు లొంబార్డు మొదలగువారు 1953లో పేటెంటు పొందిరి.

నాకు మిక్కిలి యాశ్చర్యము గొల్పినది వేఱొకటి. ఆక్సుఫర్డులో హోల్బోర్ను అను భౌతికశాస్త్రజ్ఞుడు 1943లో, మెదడునకు మాఱుగా జిలాటిన్ ముద్దనుంచి పరీక్షించి, తల గిఱ్ఱున తిరుగుటచేత మెదడునకు ఘోరమైన హాని కలుగునని చూపెను. జున్ను గిన్నెను చటుక్కున త్రిప్పి చూడుడు. గిన్నె తిరుగును, జున్ను వెనుకబడి అంచున విడును! బాటమీద పడు తల ఏటవాలుగా రాచుకొని పడును గనుక తిరుగక మానదు. ఇందులకై స్వీడనులో హాన్సు ఫాన్ హోల్‌స్టు, పీటరు హల్డీను అనువారు హెల్మెట్టు లోపల కొంచెము జాఱెడి పలుచని పొర నమర్చిరి. డిప్ప తిరిగినను తల అంతగా తిరుగదు.

ఇంత చేసినవారును మన కొప్పును తలచినట్లు తోచదు. పరీక్షలకు వాడు బొమ్మతలలు నున్ననివి. కొప్పు హెల్మెట్టును ముందునకు నెట్టి, కన్నులపైకి దించును. లోపల చిక్కిన పిన్నులు, క్లిప్పులు దెబ్బ తగిలినప్పుడు తలలోనే దిగును. జడను మెడ క్రిందుగా వదులుగా వేసికొనిన చక్కగ నమరును. పూలు ఊరు చేరిన పిమ్మట ముడుచుకొనవచ్చును. వెనుక అంచున జడకు చోటు విడువుడని తయారుచేయువారిని మనము కోరవచ్చును గాని, దానికై థర్మకోలును తొలిచినచో రక్షణయే పోవును. నాగర్‌కర్నూలు ఎండలకు గాలిరంధ్రములు వలయును. వానికొఱకును పొరను తొలువవలసినదే. రూపకర్తల చిక్కంతయు నిచ్చటనే యున్నది.

గద్వాల చీరకు వేలు వెచ్చించి, అంచును త్రిప్పి త్రిప్పి చూచు మనము, హెల్మెట్టును బాటప్రక్క గుట్టలో బేరమాడి కొందుము. ఐ.ఎస్.ఐ. గుర్తు లేనివి అమ్మరాదను కేంద్రప్రభుత్వపు టుత్తరువు 2021 జూను 1 నుండి అమలులోనికి వచ్చినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 129వ సెక్షను వెనుక కూర్చున్నవారికిని వర్తించును. 2019 సవరణ నాలుగేండ్లు దాటిన బిడ్డలను స్పష్టముగా పేర్కొన్నది.

కొనునప్పుడు గడ్డముక్రింది పట్టీ బిగించి, వెనుక అంచు పట్టి ముందునకు లాగి చూడుడు. ఊడివచ్చినచో అది మీకు తగినది గాదు. భర్త కొలతకు కొన్నది మనకు తఱచుగా వదులగును. ఇంటిలో పెట్రోలునకును, రంగులలో కలుపు థిన్నరునకును దూరముగా నుంచుడు. అవి థర్మకోలును కరగించును.