గిటారు కొనుటలో పైపలకకే ప్రథమ తాంబూలము

ఇటీవల మన విద్యార్థులలో గిటారు నేర్చుకొనవలెనను కుతూహలము హెచ్చుచున్నది. "అది పరాయి వాద్యము, మనకేల?" యని కొందఱు తల్లిదండ్రులు సందేహించుచున్నారు. వాద్యమునకు పరాయితనము శాశ్వతము గాదు. వాయులీనము సముద్రములు దాటి వచ్చినదే. విజయనగరమున ద్వారము వేంకటస్వామినాయుడుగారి చేతిలో నది తెలుగువారి సొత్తైనది. కావున గిటారు వలదని మేము చెప్పము. కొనుట నిశ్చయమైనచో, కష్టార్జితమైన ధనమును దేనికి వెచ్చింపవలెను, దేనికి వెచ్చింపరాదు అనునదే మే మిక్కడ చెప్పదలచినది.

బొబ్బిలి వీణ మనవా రెఱిగినదే. పనస దుంగను తొలిచి దానిని చేయుదురు. గిటారు నిర్మాణము వేఱు. అది పలుచని పలకలు కూర్చిన పెట్టె. అంగళ్లలో "సాలిడ్" అను మాట తఱచుగా వినబడును. పలక యంతయు దుంగనుండి కోసిన కఱ్ఱయే యైనచో అది సాలిడ్. పలుచని పొరలను ఒకదానిపై నొకటి అడ్డముగా అతికించినచో అది ప్లైవుడ్. నడుమ రెండు చెక్కలను ప్రక్కప్రక్కన జతపఱచుట సాలిడ్ పలకలకు సహజమే. అది దోషము గాదు.

గిటారు నాదమునకు మూలము పైపలక. ఉక్కు తీగలు ఆఱింటి లాగుడు కలసి సుమారు 70 కిలోల బరువునకు సమానము. అంతటి లాగుడు నోర్చుకొనుచు, సుమారు 3 మిల్లీమీటర్ల మందము గల యా పలక కంపింపవలెను. స్ప్రూస్, సెడార్ కఱ్ఱలకు బరువు తక్కువ, గట్టిదనము హెచ్చు. అందుచే అవి యీ పనికి తగినవి. ప్లైవుడ్ పలక జిగురుతోను అడ్డపొరలతోను బిఱుసెక్కి యంత స్వేచ్ఛగా కంపింపదు. వెనుక పలకయు ప్రక్క పలకలును నాదమునకు రంగు దిద్దునే గాని, వాని పాలు పైపలక పాలికంటె తక్కువ.

కావున మా అభిప్రాయ మిది: పరిమిత ధనము గలవారు పైపలక సాలిడ్‌గాను, తక్కినవి ప్లైవుడ్‌గాను ఉన్న గిటారునే కొనవలెను. అంతయు సాలిడ్ అయినదే ఉత్తమము గదా యని కొంద ఱందురు. వెల మాట యట్లుండగా, గోపాలపురపు సముద్రపుగాలి సోకు మన బరంపురము ప్రాంతమున మఱియొక చిక్కు గలదు. సాలిడ్ కఱ్ఱ తేమకు ఉబ్బును, పొడిగాలికి ముడుచుకొనును. గాలిలో తేమ 45 మొదలు 55 శాతము వఱకు ఉన్నప్పుడు దానికి సుఖము. మన వానకాలమున తేమ అంతకు మించును. ప్లైవుడ్ ప్రక్కలు ఆ మార్పులను బాగుగా నోర్చును. ఇక పైపలకను మాత్రము కాపాడుకొనవలెను. వాయించిన పిదప గిటారును పెట్టెలో నుంచి, వానకాలమున అందు సిలికా జెల్ సంచులు వేసి, ఎండ తగులనీయకున్న చాలును.

అంగడివాని మాటను గాక కంటిని నమ్ముడు. "స్ప్రూస్ టాప్" అని మాత్రమే వ్రాసి "సాలిడ్" అను మాట లేనిచో, అది సాధారణముగా ప్లైవుడ్డే. నడుమనున్న నాదరంధ్రపు అంచును పరికింపుడు. పైనున్న చాఱలు అంచు మందములోనికి దిగినచో సాలిడ్. పొరలు కనబడినచో ప్లైవుడ్. పండ్రెండవ మెట్టుపై తీగ ఎత్తు రెండున్నర మిల్లీమీటర్లకు మిక్కిలి మించరాదు. బ్రిడ్జి పలకనుండి లేచియుండరాదు. ప్రతి మెట్టును నొక్కి మీటి చూడుడు, గరగరలాడరాదు. బిరడలు జాఱరాదు.

అలంకారములకు ధనము పోయకుడు. మన దేశపు జిట్టేగి, అనగా రోజ్‌వుడ్, జగత్ప్రసిద్ధమైనదే. 1833లో స్థాపితమైన అమెరికా మార్టిన్ సంస్థ 1969లో బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు బదులు దీనిని చేపట్టినది. అయినను చౌక గిటారు వెనుక మెఱయు జిట్టేగి తఱచుగా కాగితమంత పొరయే. ఉన్న ధనమును పదిపాళ్లు చేసి, ఎనిమిది వాద్యమునకు, ఒకటి పెట్టెకు, ఒకటి నిపుణునిచే తీగల ఎత్తు సరిచేయించుటకు వెచ్చింపుడు.

తుదిమాట తల్లిదండ్రులకు. తీగలు ఎత్తుగా నున్న నాసి గిటారు చేతికిచ్చినచో పసివ్రేళ్లు కందును, శ్రుతి నిలువదు, నెల తిరుగకమునుపే అది అటకెక్కును. అప్పుడు "వీనికి సంగీతము రాదు" అని మనము తీర్పు చెప్పుదుము. దోషము కఱ్ఱది, శిక్ష బిడ్డకు. ఇంట నొక భాష, వీధిలో నొక భాష మాటాడు మన బిడ్డలు "నీకిది రాదు" అను మాటను ఇప్పటికే పెక్కుమార్లు విన్నారు. కొనుటకు ముందు ఒక్క గంటసేపు పలకను, తీగను పరీక్షించినచో, ఆ మాటను మఱల మనము అననక్కఱలేదు.