పలాస ప్యాసింజర్ - 17: ఆ మంచం మీద ఎవరు కూర్చోవచ్చు?



పోయిన వారం చెన్నైలో ఒక హోటల్ ఇరవై ఒకటో అంతస్తు కిటికీ దగ్గర నిలబడి దిగిన ఫోటో పెట్టాను. గంటలోపే ఒక ప్రగతిశీల మిత్రుడు ఫోన్ చేశాడు. "ఏంటన్నా, అంబేడ్కరిజం ఫైవ్‌స్టార్ దాకా వెళ్లిందా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వుకే ఈ భాగం.

అవును, పడుకున్నాను. రెండు రాత్రులు. వలస కార్మికుల మీద సదస్సు. పిలిచినవాళ్లే గది ఇచ్చారు. నాతోపాటు వచ్చిన ప్రొఫెసర్లు, లాయర్లు అదే హోటల్లో దిగారు. వాళ్లలో ఒక్కరినీ ఎవరూ "ఎంత దూరం వెళ్లావు" అని అడగలేదు. వాళ్లు గదిలో దిగితే ప్రయాణం, నేను దిగితే పతనం. పేదరికం మా పేటకి యూనిఫాం అనుకుంటున్నారు. విప్పితే మోసం చేశామంటారు.

ఆ యూనిఫాం లేకపోయినా నన్ను గుర్తుపట్టినవాళ్లు ఉన్నారు. నాలుగు గుమ్మాల అవతల కారు దిగి సంచితో లోపలికి వెళ్తుంటే సెక్యూరిటీ కుర్రాడు ఆపి, "డ్రైవర్లకి వెనక వైపు" అన్నాడు. నా ముందు వెళ్లినాయన చెప్పులతోనే వెళ్లాడు. ఆయన్ని ఆపలేదు. రిసెప్షన్‌లో ఆధార్ రెండుసార్లు అడిగారు. తప్పు ఆ కుర్రాడిదని నేను అనను. వాడి నెల జీతం ఆ గది మూడు రాత్రుల అద్దెకి సరిపోదు. ఎవరు అతిథిలా ఉంటారో, ఎవరు డ్రైవర్‌లా ఉంటారో వాడికి ఎవరో నేర్పారు. నేర్పింది మన సమాజమే.

బస అనేది మనకి చిన్న విషయం కాదు. 1917లో కొలంబియా, లండన్ చదువులు చదివొచ్చిన బాబాసాహెబ్ బరోడాలో ఉద్యోగానికి చేరితే ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ పేరుతో ఒక పార్సీ సత్రంలో దిగాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని ఒక గుంపు వచ్చి బయటికి పొమ్మంది. రైలు వేళయ్యేదాకా ఒక పార్కులో కూర్చున్నాడు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఇదంతా ఆయనే రాసుకున్నాడు. అందుకే సొంత పేరు, సొంత ఊరు రిజిస్టర్‌లో రాసి, తాళం తీసుకుని, ఆ పరుపు మీద నిండా పడుకున్నాను. దానికి సంజాయిషీ ఇవ్వను. మీరూ ఇవ్వకండి. మనల్ని చాప మీద చూసి మురిసిపోయే అభిమానం మనకొద్దు.

ఇంతవరకు ఆ మిత్రుడికి జవాబు. ఇక్కడ ఆపేస్తే లైకులు బాగానే వస్తాయి. కానీ నాకు నేను చెప్పుకోవలసిన జవాబు ఇంకోటి ఉంది.

రెండో రోజు పొద్దున ఇంటికి ఫోన్లో మాట్లాడుతున్నాను. గది సర్దడానికి ఒక ఆవిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. నా మాట విని దుప్పటి మడత మధ్యలో ఆగిపోయింది.

"ఎక్కడి మాటిది బావూ? మనోల్ల మాటలాగున్నాది."

"పలాస దగ్గర, అప్పా."

"మాది కవిటి పక్క. మీది ఏ పేట?"

చెప్పాను. ఆవిడ మొహం విచ్చుకుంది. "అయితే మనోడివే" అంది.

కూర్చో అప్పా, టీ కలుపుతాను అన్నాను. ఆవిడ తలుపు వైపు చూసింది. "గదిలో కూకోకూడదు బావూ. సూపరైజరు సూసాడంటే రేపట్నించి రావద్దంటాడు." రోజుకి ఎన్ని గదులని అడిగితే, "పదారు. పదారు మంచాలూ నానే సర్దుతాను. ఒక్కదాని మీదా కూకోనేదు" అంది. ఫిర్యాదులా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. హోటల్ ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు మనిషి. ఆ కాంట్రాక్టరు పేరు కూడా ఆవిడకి తెలియదు. తెలిసింది మేస్త్రీ ఒక్కడే.

ఆవిడ వెళ్లాక కిటికీ దగ్గర నిలబడ్డాను. పడమటి దిక్కున, పోరూరు అవతల మౌలివాక్కం ఉంటుంది. 2014 జూన్ 28 సాయంత్రం అక్కడ కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చచ్చిపోయారు. వాళ్లలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు చాలామంది. శవాలు అంబులెన్సుల్లో ఊళ్లకి చేరాయి. మొదట పిడుగు పడిందన్నారు. పక్కనే నిలబడిన రెండో టవర్‌ని 2016 నవంబర్‌లో పేలుడు పదార్థాలు పెట్టి ప్రభుత్వమే కూల్చేసింది. అది పిడుగు పడి కూలలేదు కదా!

ఆకాశమంత మేడ అంటే అందరికీ లిఫ్ట్ గుర్తొస్తుంది. మనకి సెంట్రింగ్ కర్రలు గుర్తురావాలి.

వీళ్లు ఎందుకు వెళ్తున్నారు? ఉద్దానం అంటే ఉద్యానవనం, పచ్చని కొబ్బరి, జీడితోటలు అని చెప్తారు. తోటలు నిజమే. ఎవరివి? 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను ఆ తోటల్ని నేలమట్టం చేసింది. నష్టపరిహారం చెట్ల లెక్కన కట్టారు. మా పేటలో చెట్టు ఉన్నవాడెవడు? కాయ దింపేవాడికి, పీచు తీసేవాడికి, పలాస జీడి కార్ఖానాల్లో నూనెకి చేతులు నల్లబడేలా పిక్కలు కొట్టే ఆడవాళ్లకి పోయింది పని. పోయిన పనికి పట్టా ఉండదు కాబట్టి పరిహారమూ లేదు.

పట్టా లేని భూమిని దున్నుకుంటే ఏమవుతుందో కూడా ఈ జిల్లా చూసింది. 2012 జూన్ 12న లక్ష్మీపేటలో, మడ్డువలస రిజర్వాయర్ ముంపు భూమి సాగు చేసుకున్నందుకు ఐదుగురు దళితుల్ని చంపారు. వంగర మండలం అప్పుడు మన జిల్లాలోనే ఉండేది. భూమి అడిగితే బరిసెలు, అడగకపోతే రైలు. పలాస ప్లాట్‌ఫాం మీద కోణార్క్, విశాఖ ఎక్స్‌ప్రెస్‌ల జనరల్ బోగీల ముందు నిలబడేవాళ్లని అడగండి, ఇష్టపడి వెళ్తున్నదెందరో.

వెళ్లినవాడు కిడ్నీ పాడై తిరిగొస్తే ఇక్కడ ఇంకో మంచం ఉంది. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అవసరమైనదే, పోరాడి తెచ్చుకున్నదే. కానీ జబ్బుకి కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. మంచి నీళ్ల కోసం మన ఊళ్లు ఎన్నేళ్లు ఎదురుచూశాయో మీకు తెలుసు. ఆ హోటల్ గదిలో రోజూ రెండు నీళ్ల సీసాలు ఉచితంగా పెట్టారు. పెట్టింది కవిటి పక్క నుంచి వచ్చిన మనిషి.

చట్టం లేదా అంటే ఉండేది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం, కాంట్రాక్టరుకి లైసెన్సు ఉండాలి. కార్మికుడికి ఫోటోతో పాస్‌బుక్ ఇవ్వాలి. నెల జీతంలో సగం స్థానభ్రంశ భత్యంగా ఇవ్వాలి. దారి ఖర్చులివ్వాలి, ఉండటానికి చోటివ్వాలి. మా పేటలో ఆ పాస్‌బుక్ నేనెప్పుడూ చూడలేదు. 2020లో తెచ్చిన కోడ్ ఆ చట్టాన్ని మింగేసింది. ఐదుగురు కార్మికులుంటే వర్తించేదాన్ని పదిమందికి పెంచింది, స్థానభ్రంశ భత్యాన్ని వదిలేసింది. 2014 జూన్ 2 తర్వాత హైదరాబాద్ కూడా మనకి పరాయి రాష్ట్రమే. అక్కడ టవర్లు కడుతున్న మనవాళ్లూ ఈ లెక్కలోకే వస్తారు.

ఇవన్నీ ఆ సదస్సులో నలభై నిమిషాలు చెప్పాను. చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్లేట్లు తీస్తున్నవాళ్లని చూశాక తట్టింది. వలస కార్మికుల సదస్సులో వలస కార్మికులు ఉన్నారు, గోడ పక్కన. వాళ్లలో ఒకరికి ఐదు నిమిషాలు మైక్ ఇవ్వమని నేను అడగలేదు. ఇరవై ఒకటో అంతస్తులో పడుకోవడం నా తప్పు కాదు. అడగకపోవడం నా తప్పు. ఫోన్ చేసిన మిత్రుడు పట్టుకోవలసింది అది. ఆయన పరుపు దగ్గరే ఆగిపోయాడు.

ఇకనుంచి నన్ను పిలిచేవాళ్లకి ముందే రెండు మాటలు చెప్తాను. హోటల్ ఏదైనా సరే, అక్కడ కాంట్రాక్టు కార్మికులకి ఎంత ఇస్తున్నారో కనుక్కుని చెప్పండి. వాళ్లలో మాట్లాడతామన్నవాళ్లకి, పని పోదని హామీ తీసుకుని, వేదిక ఇవ్వండి. కుదరదంటే నేను రాను.

పలాస, టెక్కలి కాలేజీల్లో చదివే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక పని. మీ పేట నుంచి ఎవరు ఏ ఊరు వెళ్లారు, ఏ మేస్త్రీ తీసుకెళ్లాడు, ఎంత అడ్వాన్సు, ఏ పని, ఎవరికి ఫోన్ చేయాలి, ఒక నోటుపుస్తకంలో రాయండి. ప్రభుత్వం పెట్టవలసిన రిజిస్టర్ అది. అది పెట్టేదాకా మనం పెడదాం. మౌలివాక్కం లాంటిది మళ్లీ జరిగితే, శిథిలాల కింద ఎవరున్నారో టీవీ చూసి తెలుసుకునే గతి మనకి ఉండకూడదు.

గది ఖాళీ చేసే రోజు అప్ప కనిపించలేదు. ఆ పూట ఆవిడది వేరే అంతస్తట. దుప్పటి నేనే మడత పెట్టి వచ్చాను. దానివల్ల ఆవిడకి ఒరిగిందేమీ లేదని నాకు తెలుసు. పదహారు గదులు పదహారే.

జై భీమ్.