పెళ్ళిచీర పద్దు ఎవరి చేతిలో?

విదేశంలో ఉంటూ పెళ్ళి బట్టలు కొనుక్కోవడం ఒకప్పుడు కొద్దిమంది ఉన్నవాళ్ళ ఇళ్ళలో మాత్రమే వినిపించే మాట. ఇవాళ అది మన ఊళ్ళన్నింటా మామూలైపోయింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి అక్కడ అర్ధరాత్రి దాకా మేలుకుని, ఇక్కడ చీరల కొట్లో కూర్చున్న తల్లి ఫోనులో చూపించే అంచులూ పమిటలూ చూసి తన పెళ్ళిచీర ఎంచుకుంటోంది. కువైట్‌లో ఇంటిపని చేస్తున్న తల్లి జీతంలో నెలనెలా కొంత మిగుల్చుకుని, సెలవు దొరికిన రోజున కూతురి పెళ్ళికోసం ఒక చీరో, రెండు గాజులో కొని పెట్టెలో దాచుకుంటోంది. మొదటి స్త్రీ బట్టల దుకాణాల ప్రకటనల్లోకి ఎక్కింది. రెండవ స్త్రీ గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడవలసిన అవసరం ఉందని మేము భావిస్తున్నాం.

చీర కొనుక్కోవడం కూడా హక్కుల సమస్యేనా అని కొందరు అడగవచ్చు. ఇష్టపడి పట్టుచీర కట్టుకునే స్త్రీని తప్పుపట్టడం మన పని కాదు. ఆ ముచ్చటను చిన్నచూపు చూడటం వల్ల స్త్రీల ఉద్యమానికి ఒరిగేదేమీ లేదు. మన ప్రశ్నలు వేరు. ఆ చీరకు పెట్టిన డబ్బు ఎవరిది? ఏది ఎంత కొనాలన్న నిర్ణయం ఎవరిది? పెళ్ళయ్యాక ఆ వస్తువులు ఎవరివి?

అమెరికాలో ఉద్యోగం చేసే అమ్మాయి సంగతే తీసుకుందాం. ఆమెకు దొరికే సెలవు రెండు మూడు వారాలు. పెళ్ళిచీర, తలంబ్రాల చీర, సంగీత్‌కు లెహంగా, రిసెప్షన్‌కు ఇంకొకటి, వీటన్నింటికీ మగ్గం వర్కు జాకెట్లు ఆమె విమానం దిగేసరికి సిద్ధం కావాలి. కొలతలు అక్కడినుంచి వస్తాయి, కుట్టడం ఇక్కడ జరుగుతుంది. రంగు నచ్చిందా, అంచు నచ్చిందా అని ఆమెను పదిసార్లు అడుగుతారు. "మా అమ్మాయికి నచ్చిందే కొన్నాం" అని ఇంటిల్లిపాదీ గర్వంగా చెప్పుకుంటారు. పెట్టుబడి చీరలు ఎన్ని, ఆడపడుచు లాంఛనం ఎంత, బంగారం ఎన్ని కాసులు అన్నప్పుడు మాత్రం ఆమెను ఎవరూ అడగరు. ఆ లెక్క రెండు వైపుల మగవాళ్ళ మధ్య తేలిపోతుంది. ఖర్చులో చాలా భాగం ఆమె పంపిన డాలర్లే అయినా పద్దు రాసేది తండ్రో, అన్నో. రంగు ఎంచుకోవడానికి ఉన్న స్వేచ్ఛను చూపించి, మిగిలిన నిర్ణయాలన్నీ ఆమె ప్రమేయం లేకుండానే జరిపించేస్తున్నారు.

"మేము కట్నం అడగటం లేదు, పెళ్ళి ఘనంగా చేస్తే చాలు" అనే మాట విదేశీ సంబంధాలలో తరచుగా వినిపిస్తుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం పెళ్ళికి సంబంధించి నేరుగా గానీ, మరో విధంగా గానీ ఇచ్చిన, ఇస్తామన్న ఆస్తినీ విలువైన వస్తువులనూ కట్నమనే అంటుంది. అడిగి పెట్టించుకున్న చీరలకూ నగలకూ లాంఛనాలని పేరు పెట్టినంత మాత్రాన అవి కట్నం కాకుండా పోవు.

ఇదంతా మన సంప్రదాయమని చెప్పేవాళ్ళకు ఒక మాట. పాశ్చాత్య దేశాల పెళ్ళికూతురి తెల్లగౌను కూడా అనాదిగా వచ్చిందేమీ కాదు. 1840లో విక్టోరియా రాణి పెళ్ళికి తెల్లదుస్తులు వేసుకున్న తర్వాతే ఆ వాడుక బలపడింది. అంతకుముందు అక్కడి సామాన్య స్త్రీలు తమకున్న వాటిలో మంచి దుస్తులు, ఏ రంగువైనా సరే, వేసుకుని పెళ్ళి చేసుకునేవారు. మన పెళ్ళిళ్ళలోకి లెహంగాలూ మగ్గం వర్కు జాకెట్లూ వచ్చింది మన కళ్ళముందే. సంప్రదాయం పేరుతో పెరుగుతున్న ఈ జాబితాలో సగం మార్కెట్టు రాసినదే.

ఇప్పుడు కువైట్ తల్లి దగ్గరికి వద్దాం. కడప ప్రాంతం నుండీ, గోదావరి జిల్లాల నుండీ ఎందరో స్త్రీలు ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళారు, వెళ్తున్నారు. కువైట్ 2015లో ఇంటి పనివారికోసం 68వ నెంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదనీ, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి 30 రోజుల వేతన సెలవు ఇవ్వాలనీ అందులో ఉంది. తలుపులు మూసిన ఇళ్ళలో అవి ఎంతవరకు అమలవుతాయో యజమాని దయ మీద ఆధారపడి ఉంటుంది. యజమాని పంపకపోతే కూతురి పెళ్ళికి చీర చేరుతుంది గానీ తల్లి చేరదు. ఆమె డబ్బు ఇంటికి భర్త పేరుమీదనో, అన్నదమ్ముల పేరుమీదనో వస్తుంది. సంబంధం కుదిర్చేటప్పుడు ఆమెను సంప్రదించరు, కుదిరాక ఎంత కావాలో చెబుతారు. పరాయి దేశంలో ఆమె గడిపిన ఏళ్ళ కష్టం ఒక్కరోజులో కట్నంగా మారి మరో ఇంటికి వెళ్ళిపోతుంది. కూతుళ్ళకు మంచి జీవితం ఇవ్వాలని వలసపోయిన స్త్రీల శ్రమ కట్నపు రేటు పెంచడానికే ఉపయోగపడటం ఎంత విషాదం!

ఈ చీర వెనుక మూడో స్త్రీ కూడా ఉంది. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో మగ్గం పనీ, దాని అనుబంధ పనులూ చేసేవారు 35 లక్షల పైచిలుకు. అందులో 70 శాతానికి పైగా స్త్రీలే. పోచంపల్లి ప్రాంతంలో పట్టుచీరకు ఆసు పోసేది ఇంటి ఆడవాళ్ళు. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశాడు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆసు పోసిన చేతులకు మాత్రం చాలా ఇళ్ళలో ఇప్పటికీ విడిగా కూలి లేదు. నేసినవాడి పేరున వచ్చే మజూరీలోనే అదీ కలిసిపోతుంది. నేతలో చెయ్యివేసిన స్త్రీ, కొన్న స్త్రీ, కట్టుకున్న స్త్రీ, ఈ ముగ్గురిలో ఎవరి చేతిలోనూ పద్దు పుస్తకం లేదు.

ఈ పద్దు ఎంత ముఖ్యమైనదో కాపురం చెడినప్పుడు తెలుస్తుంది. సహాయం కోరి సంఘాల దగ్గరికి వచ్చే స్త్రీలను "నీ నగలూ చీరలూ ఏమేమిటి?" అని అడిగితే చాలామంది పెళ్ళి ఫోటోలు చూపిస్తారు. నగలు అత్తగారి లాకరులో ఉంటాయి, బిల్లులు తండ్రి దగ్గరో మామగారి దగ్గరో ఉంటాయి. హెచ్-4 వీసామీద వెళ్ళిన స్త్రీ అయితే ఆమె అక్కడ ఉండే హక్కు కూడా భర్త వీసాకే ముడిపడి ఉంటుంది. ఒంటరిగా తిరిగివచ్చిన ఆమెకు చేతిలో కాగితం లేకపోతే ఏ పోరాటమైనా కష్టమే.

నిజానికి చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. స్త్రీధనం స్త్రీ సొంత ఆస్తి అనీ, భర్తా అత్తమామలూ దాన్ని కేవలం నమ్మకం మీద దాచిపెట్టినవాళ్ళే అనీ, అడిగినప్పుడు తిరిగి ఇవ్వకపోతే నేరమనీ సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పింది. అమెరికాలో స్థిరపడిన కూతురి స్త్రీధనాన్ని ఆమె మాజీ అత్తమామల నుండి ఇప్పించమని తెలంగాణలో ఒక తండ్రి పెట్టిన కేసును 2024 ఆగస్టులో అదే కోర్టు కొట్టివేసింది. కూతురు తన తరపున అడగమని చెప్పనప్పుడు తండ్రికి కూడా ఆ హక్కు లేదంది. తిరుపతిలో జరిగిన పెళ్ళిని రద్దు చేస్తూ భర్త అమెరికాలో తెచ్చుకున్న విడాకుల తీర్పు ఇక్కడ చెల్లదని 1991లోనే చెప్పింది. ప్రవాస భారతీయుల పెళ్ళిళ్ళ నమోదుకోసం 2019లో రాజ్యసభలో బిల్లు పెట్టారు. సమగ్ర చట్టం కావాలని 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ సిఫారసు చేసింది. అయితే ఉన్న చట్టాన్ని వాడుకోవడానికి వీటికోసం ఎదురుచూడనక్కరలేదు.

వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాల ప్రకారం పెళ్ళిలో వధువుకు ఇచ్చిన కానుకలకు ఒక జాబితా, వరుడికి ఇచ్చినవాటికి మరో జాబితా రాయాలి. వస్తువు ఏమిటి, సుమారు విలువ ఎంత, ఎవరిచ్చారు, వారు ఏ వరుస అన్నవి అందులో ఉండాలి. ఇద్దరూ సంతకాలు చెయ్యాలి. ఎంతమంది ఇళ్ళలో ఈ జాబితా రాశారో మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. అడగని కానుకలకు ఈ జాబితా రక్షణ. కట్నాన్ని ఇది న్యాయం చెయ్యదన్నది కూడా అదే సమయంలో చెప్పాలి.

అందుకే ఈ పెళ్ళిళ్ళ కాలంలో మన సంఘాలు ఒక చిన్న పని చేపట్టాలని కోరుతున్నాం. విదేశాల నుండి పెళ్ళికి వచ్చే అమ్మాయిలతోనూ, గల్ఫ్ నుండి డబ్బు పంపే తల్లులతోనూ మాట్లాడండి. చీరలూ నగలూ కొనే బిల్లులు తమ పేరుమీదనే రాయించుకోమని చెప్పండి. పంపిన డబ్బుకు రసీదులు దాచుకోమనండి. గల్ఫ్ వెళ్ళేముందే తమ పేరున బ్యాంకు ఖాతా తెరుచుకోమనండి. 2002 చట్టం ప్రకారం పెళ్ళి నమోదు చేయించి, ఆ పత్రం, పాస్‌పోర్టు, భర్త వీసా కాగితాలు, కానుకల జాబితా నకళ్ళు నమ్మకమైన చోట ఉంచుకోమనండి. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఇలాంటి మాటలెందుకని పెద్దవాళ్ళు కసురుకోవచ్చు. పట్టుచీర అంచు గురించి నెలరోజులు మాట్లాడుకోగలిగిన ఇంట్లో ఒక కాగితం గురించి అరగంట మాట్లాడుకోవడానికి అభ్యంతరం ఎందుకుండాలో వాళ్ళను అడుగుదాం.